విన్నపములు వినబడని రాజ్యము
(తెలంగాణమున వెట్టి చరిత్రనుండి ఒక పాఠము)

జనగామ ప్రాంతమందలి పాలకుర్తి గ్రామమును వీరశైవ కుటుంబములకు పరిచయము చేయనక్కరలేదు. బసవపురాణమును ద్విపదలో తెలుగువారికి ప్రసాదించిన పాల్కురికి సోమనాథుని జన్మస్థలము అదియేనని పండితులలో అధికులు అంగీకరించుచున్నారు. ఆ పురాణమున మడివాలు మాచయ్య యను శరణుని కథ గలదు. మాచయ్య వృత్తిచే చాకలి. శివభక్తుల వస్త్రములను దక్క అన్యుల వస్త్రములను ముట్టనని వ్రతము పూనినవాడు. ఎవరి బట్టలు ఉతుకవలెనో, ఎవరివి ఉతుకరాదో నిశ్చయించుకొను స్వాతంత్ర్యము ఒక చాకలివానికి గలదనియు, ఆ నిశ్చయము రాజబలమునకు సైతము లొంగనిదనియు సోమనాథుడు ఆ కథలో చాటెను.

ఇంచుమించు ఏడు శతాబ్దముల తరువాత అదే పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ యను చాకలి స్త్రీ కాపురముండెను. ఆమె కాలమున దొరల బట్టలు ఉతుకుట ఆ కులమువారి ఇష్టాయిష్టములపై ఆధారపడిన పని కాదు. పిలిచిన వెంటనే పోవలెను, కూలి అడుగరాదు, కాదనరాదు. దానికి వెట్టి యని పేరు. బసవేశ్వరుడు బోధించిన కాయకమునకు ఇది సరిగా విరుద్ధమైనది. మనుష్యుడు మనసొప్పి చేసి, దాని ఫలమును తాననుభవించి, మిగిలినది జంగమునకును సమాజమునకును దాసోహము చేయు పని కాయకము. మనసును, ఫలమును, ఇచ్చుటలోని ఆనందమును ముందుగనే దోచుకొని, ఒట్టి శ్రమను మాత్రము మిగిల్చిన పని వెట్టి. చూచువారికి రెండింటను చాకలి రేవున బట్టలే ఉతుకుచుండును.

వెట్టిని తొలగింపుడని తెలంగాణ ప్రజలు ఇరువదియైదేండ్ల పాటు శాంతముగ అడిగిరి. అడిగిన విధము సవ్యమైనది. అడిగిన కోరిక ప్రభుత్వపు శాసనములే అంగీకరించినది. అయినను వినువారు లేకపోయిరి. తుదకు అదే నేలపై వేలకొలది జనులు తుపాకి పట్టిరి. విన్నపము తుపాకిగా మారిన ఆ మార్గము ఎట్లు నడచినదో మెట్టుమెట్టుగా పరిశీలించుట అవసరము. తుపాకిని మాత్రమే చూచి, దానికి ముందు గడచిన ఇరువదియైదేండ్లను మరచువారు నేటికిని అనేకులున్నారు.

నిజాము రాజ్యము విస్తీర్ణమున 82,000 చదరపు మైళ్లకు పైబడినది. 1941 జనాభా లెక్కల ప్రకారము ప్రజలు ఒక కోటి అరువదిమూడు లక్షలు. ఎనిమిది తెలుగు జిల్లాలు, ఐదు మరాఠీ జిల్లాలు, మూడు కన్నడ జిల్లాలు అందుండెను. బసవేశ్వరుడు మంత్రిగా నున్న కల్యాణ పట్టణము సైతము బీదరు జిల్లాలో, ఈ రాజ్యములోనిదే. భూమిలో సుమారు నూటికి అరువది వంతులు ప్రభుత్వమునకు నేరుగ శిస్తు చెల్లించు దివానీ భూమి. ముప్పది వంతులు జాగీరులు. పది వంతులు నిజాము సొంత ఖర్చులకై కేటాయించిన సర్ఫేఖాసు. జాగీరులలో జాగీరుదారుని మాటయే చట్టము. దివానీ గ్రామములలో సైతము దేశముఖులు, పటేలు పట్వారీలు కాగితముల నేర్పుచేత రైతుల భూములను తమ పేర వ్రాయించుకొనిరి. విసునూరు దేశముఖు అరువది గ్రామములపై అధికారము చెలాయించుచు నలువది వేల యెకరములు గలిగియుండెనని చెప్పుదురు.

వెట్టిలో ఏ కులమునకు ఏ పనియో కట్టుబాటుండెను. చాకలి బట్టలుతికి, వంటపాత్రలు తోమవలెను. కుమ్మరి కుండలు ఈయవలెను. మంగలి దొరకు క్షౌరము చేసి కాళ్లు పిసుకవలెను. వడ్రంగి, కమ్మరి దొర సేద్యమునకు నాగళ్లు సాగు చేయవలెను. మాదిగ చెప్పులు కుట్టి, మోటబావికి తోలుబొక్కెన లమర్చవలెను. గౌండ్లవాడు కల్లు పోయవలెను. గొల్లవాడు మేకను, గొఱ్ఱెను తోలి ఈయవలెను. కోమటి సైతము తప్పించుకొనలేదు. అధికారులు మకాము చేసినప్పుడు దినుసులన్నియు అతడే సమకూర్పవలెను. బండిగల రైతు బండి కట్టవలెను. తొలకరి చినుకు పడినంతనే రైతు తన మడిని విడిచి దొర మడిని మొదట దున్నవలెను. తన పొలము వంతు వచ్చునప్పటికి పదును పోయెడిది. దొర కూతురు అత్తవారింటికి పోవునప్పుడు పేదయింటి ఆడపిల్లలను వెంట దాసిగా పంపుట, వారిని ఆడబాపలని పిలుచుట యుండెను. అప్పు తీరువరకు, అనగా ఎన్నటికిని తీరక, దొర యింట జీతముండు భగేలాలు వేరు. “నీ బాంచను కాల్మొక్త” యను మాట ఆ దినములలో పల్లెటూరి నమస్కారమైనది.

దీనికి ప్రతిఘటన తుపాకితో ఆరంభము కాలేదు, భాషతో ఆరంభమైనది. 1921 నవంబరులో హైదరాబాదున కర్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగెను. అందు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటలాడబోగా సభలోని కొందరు గేలిచేసిరి. ఆ అవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టెను. దానికి ప్రాణము మాడపాటి హనుమంతరావు. ఆయన మృదుస్వభావుడు, న్యాయవాది, అర్జీ వ్రాయుటయందు సిద్ధహస్తుడు. గ్రంథాలయములు స్థాపించుట, బాలికల పాఠశాల నడపుట, వర్తకుల కష్టములు అధికారుల కెరిగించుట ఆయన మార్గము. వెట్టి చాకిరిని గూర్చి సంఘము చిన్న పుస్తకమును అచ్చువేయించి గ్రామములలో పంచెను. ఇంతకంటె వినయమైన ఉద్యమమును ఏ రాజును కోరుకొనజాలడు.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి యున్నది. వెట్టి కూడదని నిజాము ప్రభుత్వమే ఆజ్ఞలు వెలువరించినది. భగేలా ఒప్పందములను కట్టడిచేయుచు 1936లో శాసనము సైతము చేసినది. కనుక సంఘమువారు కొత్తగ అడిగినదేమియు లేదు. ఉన్న శాసనమును అమలుపరుపుడని మాత్రమే యడిగిరి. అయితే ఆ శాసనమును పల్లెలో అమలుపరుపవలసినవాడు ఎవడు? పటేలు, పట్వారీ, తాలూకా అధికారి. వెట్టి చేయించుకొనువారును వారే. అమీను మకామునకు కోళ్లు, నెయ్యి, బండ్లు వెట్టిపైననే వచ్చుచుండెను. దొంగ చేతికే తాళపుచెవి యిచ్చి ఇల్లు కాపాడుమన్న చందమైనది. ఫర్మానా హైదరాబాదున అచ్చయ్యెను. పల్లె చావడిని చేరునప్పటికి అది వట్టి కాగితము.

అర్జీ విఫలమైనచో సభ చేయవచ్చును. దానికి నిజాము ప్రభుత్వము గస్తీ నిషాన్ 53 అను ఆజ్ఞను అడ్డుపెట్టెను. సభ యేదైనను ముందుగ అనుమతి పొందవలెను. అనుమతి యిచ్చు అధికారి సాధారణముగ ఆ సభలో విమర్శకు గురికావలసినవాడే. గ్రంథాలయ వార్షికోత్సవములకు సైతము ఈ చిక్కు తప్పలేదు. కల్యాణమున బసవేశ్వరుడు అనుభవమంటపమును స్థాపించి చెప్పులు కుట్టువానిని, పడవ నడుపువానిని, బట్టలుతుకువానిని కూర్చుండబెట్టి మాటలాడుమనెనని సంప్రదాయము చెప్పుచున్నది. దానిని ఆధ్యాత్మిక గోష్ఠిగ మాత్రమే తలచుట వాడుక. రాజ్యపాలన దృష్టితో చూచినను అందు గొప్ప వివేకము కనబడును. ప్రజ నోరు మెదపు చోటు ఒకటున్నచో పాలకునకు చెవి యొకటున్నట్లు. గస్తీ 53 ప్రజల నోటిని మూసినదని అందరును అందురు. అది పాలకుని చెవిని సైతము మూసెను.

అనుమతులు సంపాదించుకొనుచునే 1930లో జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభ సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగెను. తరువాత దేవరకొండ, ఖమ్మము, సిరిసిల్ల, షాద్‌నగరు, నిజామాబాదు సభలు. ప్రతి సభలోను తీర్మానములు. వానిలో వెట్టి నిర్మూలన, మాతృభాషలో విద్య, రైతు కష్టనివారణ. తీర్మానములు ప్రభుత్వమునకు పంపబడుచుండెను. ప్రత్యుత్తరములు రాకుండెను, లేదా పరిశీలించుచున్నామని వచ్చుచుండెను.

ఈ మౌనముచే నష్టపోయిన దెవరు? వెట్టివారు ఎట్లును నష్టపోయినవారే. వారికంటె వేరుగ నష్టపోయినవారు మాడపాటివారి వంటి మితవాదులు. మీ అర్జీలవలన పదునైదేండ్లలో ఒక్క బండి వెట్టియైన తప్పినదా యని యువకులు అడుగగా వారియొద్ద సమాధానము లేకపోయెను. శాంతముగ అడుగువానికి ప్రభుత్వము చిన్న కోరికయైన తీర్చినచో అతనికి తనవారిలో గౌరవము పెరుగును. ఏమియు దక్కనిచో అతడు తనవారిలోనే నవ్వులపాలగును. అతని వెనుక నిలిచినవాడు ముందుకు వచ్చును. నిజాము ప్రభుత్వము తన మంచి విరోధులను తానే పోగొట్టుకొనెను. 1941లో చిలుకూరు సభకు యువకుడైన రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యెను. 1944 భువనగిరి సభలో చీలిక పూర్తియై మితవాదులు విడిపోయిరి. సభ్యత్వ రుసుము తగ్గింపబడెను. పల్లెలలో చీటీల సంగమను పేర ఆ సంస్థ ఇంటింట ప్రవేశించెను.

పట్టణములలోని అనుభవము దీనికి తోడ్పడెను. హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు అను సంస్థ 1938లో ఇంకను పూర్తిగ ఏర్పడకమునుపే నిషేధింపబడెను. పుట్టకమునుపే మరణదండన! ఆ సంవత్సరమే సత్యాగ్రహము చేసినవారు వందలకొలది జైళ్లకు పోయిరి. వందేమాతర గీతము పాడుదుమన్నందుకు ఉస్మానియా విద్యార్థులు బహిష్కృతులై నాగపురమునకు పోయి చదువుకొనవలసి వచ్చెను. కాంగ్రెసుపై నిషేధము 1946 జూలైవరకు తొలగలేదు. అయినను వారు ఆయుధము పట్టలేదే యని ఎవరైన అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. నిరాకరింపబడిన ప్రతి విన్నపమును తిరుగుబాటు కాదు. పట్టణమునందలి విద్యావంతునకు నిరాకరణ అవమానము. అతడు కొంతకాలము వేచియుండగలడు, వేరొక ఊరికి పోగలడు. పల్లెలో మడి పోయినవానికి వేచియుండుటకు వ్యవధి లేదు, పోవుటకు చోటు లేదు. ఆ నిరాకరణ అతని కంచములోనిది.

న్యాయస్థానము మిగిలినది గదా యనవచ్చును. ఆ ద్వారమును కొందరు నమ్మకముతోనే తట్టిరి. కామారెడ్డిగూడెమున షేక్ బందగీ యను పేదరైతు తన భూమికై విసునూరు దేశముఖు పక్షముపై కోర్టులో పోరాడి గెలిచెను. గెలిచిన పిమ్మట దేశముఖు మనుష్యులు అతనిని దారికాచి చంపిరి. పాలకుడు ముస్లిము, దొర హిందువు, హతుడు ముస్లిము. మతకలహముగ ఈ చరిత్రను చెప్పువారు బందగీ సమాధియొద్ద కొంచెము ఆగి యోచింపవలెను.

పిమ్మట ఐలమ్మ. మల్లంపల్లి మక్తాదారునియొద్ద ఆమె భూమిని కౌలునకు తీసుకొని సాగుచేసెను; సంగములో చేరెను. చాకలిది కౌలుదారగుట, సంగములో పేరు వ్రాయించుకొనుట దేశముఖునకు సహింపరానివయ్యెను. మొదట కేసులు పెట్టించెను. కోర్టులో ఓడెను. అప్పుడు పంటను కోసుకొని రండని మనుష్యులను పంపెను. సంగపు కార్యకర్తలు కఱ్ఱలతో వచ్చి వారిని తరిమి, పంట కోసి, ధాన్యమును ఐలమ్మ యింటికి చేర్చిరి. 1944-45 నాటి ఈ ఘటనలో తుపాకి లేదు. దోపిడి లేదు. న్యాయస్థానము ఎవరిదని తేల్చెనో వారి యింటికే ధాన్యము చేరినది. అనగా ప్రభుత్వపు తీర్పును అమలుపరిచినది సంగము, ధిక్కరించినది దొర. పోలీసులు మాత్రము మరునాడు సంగపు నాయకులను పట్టుకొనిపోయి హింసించిరి. శాసనమును ఎవరు కాపాడుచున్నారో, ఎవరు త్రొక్కుచున్నారో పల్లె ప్రజలకు ఆ దినమున తేటతెల్లమయ్యెను. రాజ్యము ఒక ప్రాంతమును పోగొట్టుకొనునది యుద్ధభూమిలో గాదు, ఇట్టి దినముననే.

1946 జూలై 4వ తేదీన కడవెండి గ్రామమున సంగమువారు ఊరేగింపు తీసిరి. చేతులలో కఱ్ఱలు, నోట నినాదములు. దేశముఖుని యింటివైపు రాగా ఆయన మనుష్యులు కాల్పులు జరిపిరి. దొడ్డి కొమరయ్య యను కురుమ యువకుడు అచ్చటికచ్చట మరణించెను. అతని అన్న మల్లయ్య గాయపడెను. ఆగ్రహించిన జనము గడిని చుట్టుముట్టెను. పోలీసులు వచ్చి నచ్చజెప్పగా వెనుదిరిగెను. తరువాత కేసులు కాల్చినవారిపై గాక సంగమువారిపై బనాయింపబడెను. పోలీసు మాటపై ఇల్లు చేరినవారికి దక్కిన ఫలమిది.

అటుపిమ్మట జరిగినది విశేషమైనది. కొమరయ్య మరణవార్త ఊరినుండి ఊరికి పాకి, కొలది వారములలో జనగామ, సూర్యాపేట, నల్లగొండ తాలూకాలలోని వందలాది గ్రామములలో వెట్టి ఆగిపోయెను. ప్రజలు గుతుపలను, వడిసెలలను పట్టుకొని ఊరేగింపుగ పోయి, ఇక వెట్టి లేదని చాటిరి. స్త్రీలు కారపుపొడిని, రోకళ్లను సిద్ధముగ నుంచుకొనిరి. పాతికేండ్ల అర్జీలు చేయలేనిది ఒక వర్షర్తువులో జరిగిపోయెను. పాలకులు ఆ సమయమున చేయవలసినది సులువైనది. తమ ఫర్మానా ఇన్నాళ్లకు అమలైనదని సంతోషించి యూరకుండిన చాలును. దానికి బదులు పటాలములను పంపిరి. ఊళ్లను చుట్టుముట్టిరి, వేలకొలదిగ పట్టుకొనిరి, సంగమును నిషేధించిరి. గుతుపకు సమాధానముగ తుపాకి వచ్చినప్పుడు గుతుప పట్టినవాడు తుపాకి కొరకు వెదకును. 1947 సెప్టెంబరు 11వ తేదీన రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీనులు సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. అప్పటికి భారతదేశము స్వతంత్రమై ఒక నెల కావచ్చినది. నిజాము తాను స్వతంత్రుడనని ప్రకటించియుండెను. ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు ఊళ్లపై పడుచుండిరి.

తరువాతి కథ చాలమంది ఎరిగినదే. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిపై రజాకార్లు, పోలీసులు కలసి దాడిచేసి ఊరివారిని వరుసగ నిలిపి కాల్చిరి. అదే నెలలో నిజాము విధానములను విమర్శించిన పాత్రికేయుడు షోయబుల్లాఖాను హైదరాబాదు వీథిలో హత్యగావింపబడెను. సెప్టెంబరు 13 మొదలు 17 వరకు భారతసైన్యపు చర్య, నిజాము లొంగుబాటు. పోరాటము అంతటితో ఆగక 1951 అక్టోబరువరకు భారతసైన్యముతో సాగెను. పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథమున ఇచ్చిన లెక్కల ప్రకారము నాలుగువేల మంది ప్రజలు, కార్యకర్తలు మరణించిరి. మూడువేల గ్రామములలో పది లక్షల యెకరములు పంపిణీయయ్యెను. చనిపోయినవారిలో సాయుధులు కొందరే. ఏ పక్షము తమ ఊరికి ఏ రాత్రి వచ్చునో తెలియక మధ్యలో నలిగిన కుటుంబములకు ఆ లెక్కలలో గడి లేదు. తుపాకి ఒకసారి ఇంట ప్రవేశించిన పిమ్మట అది శత్రువును, అనుమానితుని, తగాదాపడిన పొరుగువానిని వేరుచేసి చూడదు. ఈ మాటను సాయుధులను నిందించుటకు మాత్రమే వాడువారు దాని రెండవ సగమును దాచుచున్నారు. ఆ తుపాకి ప్రవేశించిన తలుపును తెరచినవారు ఎవరో సైతము చెప్పవలెను.

వీరశైవులకు ఇది తెలియని పాఠము కాదు. బసవపురాణము తుదిభాగమున బిజ్జలుడు శరణుల కన్నులు తీయించుట, పిదప జగదేవుని చేతిలో బిజ్జలుడు హతుడగుట వర్ణింపబడినవి. చరిత్రకారులు ఆ ఘట్టమును 1167-68 ప్రాంతమునకు చేర్చిరి. ఆ కథను మఠములలో పురాణకాలక్షేపముగ విన్న తరములు రాజు చావును దైవశిక్షగ గ్రహించినవి. అంతకుముందు కల్యాణమున శరణులు ఏమి చెప్పిరి, రాజు ఏది వినకపోయెను అను ప్రశ్నను అంతగ వేసికొనలేదు. ప్రసంగవశమున మరియొక మాట. మఠములకును, దేవాలయములకును ఇనాము భూములుండెను. వానిని దున్నినవారును రైతులే. పీఠముల యెదుట చేతులు కట్టుకొని నిలుచుండి వారు చెప్పుకొన్నది ఎంతవరకు వినబడెనో ఆయా మఠముల పాత దస్తరములు తిరుగవేసినచో తెలియగలదు. కాయకమును బోధించు నోటికి వెట్టి కనబడకపోవుట కంటె విషాదము లేదు.

సైనికచర్య తరువాత శాసనములు వేగముగ వచ్చినవి. 1949 ఆగస్టులో జాగీరులు రద్దయ్యెను. 1950లో కౌలుదారీ చట్టము వెలువడెను. 1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో హరిజనులు భూమి కావలెనని వినోబాను అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరములు ఇచ్చెను. భూదానోద్యమము అట్లు పుట్టెను. ఇవియన్నియు మేలైన పనులే. అయితే ఇవి 1922లోనో, 1930లోనో, తుదకు 1944లోనో కొంతయైన జరిగియుండినచో, నాలుగువేల ప్రాణములు పోవలసిన పని లేకుండెడిది. పైగా ఆలస్యముచే దుష్ఫలమొకటి సంభవించినది. మెత్తగ అడిగినప్పుడు రానిది గట్టిగ కొట్టినప్పుడు వచ్చుటచే, కొట్టిననే వచ్చునను నమ్మకమును ప్రభుత్వములే ప్రజలకు నేర్పినవి.

ఆ నమ్మకము శాశ్వతమైనది కాదనుటకును నల్లగొండయే సాక్ష్యము. 1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చినవి. నిన్నటివరకు అడవిలోను, జైలులోను ఉన్నవారు ప్రజాస్వామ్య ఫ్రంటు పేర పోటీచేసిరి. నల్లగొండ లోక్‌సభ స్థానమునుండి రావి నారాయణరెడ్డి గెలిచి, దేశమున నెహ్రూకంటె అధికముగ ఓట్లు పొందెనని ప్రసిద్ధి. చేటలో చంటిబిడ్డను పడుకోబెట్టుకొని వరికోతలు కోసిన తల్లులు, గుతుపలు పట్టిన గొల్లలు, మాలలు, మాదిగలు, చాకళ్లు బారులుతీరి నిలుచుండి కాగితము పెట్టెలో వేసిరి. తుపాకిపై మోజు గలవారైనచో ఆ వరుసలో నిలుచుండరు. వినిపించుకొను చోటు ఒకటి దొరకినంతనే ఆ ప్రజ ఆయుధమును విడిచి అచ్చటికి నడచినది.

దురదృష్టవశమున విన్నపమును విననితనము నిజాముతో పోలేదు. వెట్టి మరొక పేర, కొన్నిచోట్ల అదే పేర కొనసాగెను. దానిని రద్దుచేయుచు 1976లో భారత పార్లమెంటు మరల చట్టము చేయవలసి వచ్చెననిన, ముప్పదియేండ్లలో ఎంత మిగిలియుండెనో ఊహింపవచ్చును. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలకొలది కూలీలు ఊరేగింపు తీసిరి. వెట్టి మానవలెను, కూలి పెరుగవలెను, దొరలు వసూలుచేసిన దండుగలు తిరిగి ఈయవలెను అనునవి వారి కోరికలు. 1921నాటి సంఘము ఈ కోరికలను చూచియుండినచో తమవేనని గుర్తుపట్టెడిది. ఆ సంవత్సరముననే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగ ప్రభుత్వము ప్రకటించెను. ఆ రెండు తాలూకాలనుండి ఎందరు యువకులు తరువాత అడవిబాట పట్టిరో పత్రికలు చదువువారందరికి తెలియును.

ఉత్తరమున ఆదిలాబాదు అడవులలో ఇదే కథ రెండుమారులు జరిగెను. తమ పోడు భూములను అటవీశాఖవారు లాగికొనుచున్నారని గోండులు దరఖాస్తులు పెట్టి విసిగిన పిమ్మట, కుమ్రం భీము నాయకత్వమున తిరుగబడిరి. 1940లో జోడేఘాటున భీము కాల్చి చంపబడెను. అటుపిమ్మట నిజాము ప్రభుత్వము హైమెండార్ఫు అను మానవశాస్త్రజ్ఞుని నియమించి, వీరు ఏల తిరుగబడిరో విచారింపుమనెను. చచ్చినవాని నాడి చూచినట్లయినను, ఆయన సలహాలవలన గోండులకు కొంత భూమి, కొన్ని బడులు దక్కినవి. నలువదియేండ్లకు భూములు మరల చేజారసాగినవి. 1981 ఏప్రిల్ 20వ తేదీన ఇంద్రవెల్లి సంతలో గిరిజన రైతుకూలీ సంఘము సభ తలపెట్టెను. మొదట అనుమతించిన అధికారులు పిమ్మట రద్దుచేసిరి. ఆ కబురు కొండలపై గూడెములకు చేరలేదు. సంత దినము గనుక గోండులు ఎప్పటివలెనే దిగి వచ్చిరి. పోలీసులు కాల్చిరి. ప్రభుత్వ లెక్కలో మృతులు పదుముగ్గురు. గోండుల లెక్క దానికంటె ఎంతయో అధికము. వారి జ్ఞాపకార్థము అచ్చట ఒక స్తూపము వెలసెను. దానిని కూల్చిరి; మరల కట్టిరి. చిరకాలము ఏటేట ఏప్రిల్ 20వ తేదీన దానియొద్దకు పోయి పూలు పెట్టుటకు సైతము గోండులకు అనుమతి లేకుండెను.